తల్లి ఫోటో ఇంకా రాలేదు

అన్నంలో వెంట్రుక వచ్చింది.

మా ఆయన దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి ట్యూబులైటు వెలుగులో తిప్పి చూపించారు. ఎదురుగా ఆయన పనిచేసే లాండ్రీ నుంచి వచ్చిన ఇద్దరు స్నేహితులు, పక్కన ఆయన అక్క రాజ్యం వదిన, ఆ పక్కన నా కూతురు వల్లి కూర్చుని ఉన్నారు. "మా ఆవిడ రోజుకో ఎంట్రుక నాకు దానం చేత్తాదండి. ఇంకో ఏడాదికి ఇద్దరం సమానం," అని తన నున్నటి బట్టతల నిమురుకుంటూ నవ్వారు. వాళ్ళూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది. పొద్దున్నే ఈ దుబాయ్ పక్క అజ్మాన్ చేపల మార్కెట్‌కి వెళ్ళి, బేరమాడి, మోసుకొచ్చి, పులుసు పెట్టి, ఐదుగురికి వడ్డించి, ఇంకా కంచం ముందు కూర్చోనిదాన్ని నేను. పులుసు ఎలా ఉందో ఒక్కరూ చెప్పలేదు. వెంట్రుక గురించి మాత్రం పావుగంట మాట్లాడారు. "క్లిప్పెట్టుకుని వండుకోవచ్చు కదే దుర్గా, ఉన్నయ్యే నాలుగు," అంది రాజ్యం వదిన చేపముల్లు తీసుకుంటూ. వల్లి నవ్వలేదు. తన జడ ముందుకు లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది.

మా ఇంట్లో వెంట్రుకల పని అని ఒకటుంది. అది ఎవరికీ కనిపించదు. ఆయన లేవకముందే లేచి బాత్రూమ్ జాలీలో చుట్టుకున్నవి తీయాలి. దిండు గలేబులు దులపాలి. ఆయన నల్ల ప్యాంటుకి అంటుకున్నవి టేపుతో లాగాలి. చపాతీ పిండి కలిపే ముందు తలకి గుడ్డ కట్టుకోవాలి. ఇంత చేసినా ఎక్కడో ఒకటి మిగిలిపోతుంది, దాన్ని పట్టుకుని నన్ను పిలుస్తారు. పిలిచినప్పుడల్లా దొంగతనం చేసి దొరికినదానిలా పరిగెత్తుకెళ్ళేదాన్ని. రెండేళ్ళు అలాగే పరిగెత్తాను.

పెళ్ళిచూపుల్లో మా అత్తగారు నన్ను చదువడగలేదు, పాటడగలేదు. వెనక్కి తిరగమని, జడ పట్టుకుని ఒక్క లాగు లాగింది, సవరమేమోనని. మెడ కలుక్కుమంది. "సొంతదే," అని మా ఆయన వైపు చూసి తలూపింది. సంతలో గేదె పళ్ళు చూసి కొన్నట్టే నన్నూ చూసుకున్నారు. అప్పుడు నాకు కోపం రాలేదు, పైగా గర్వపడ్డాను. మోకాళ్ళు దాటిన జడ. నలుపు, పొట్టి, ఎత్తుపళ్ళు అన్న మాటలన్నీ ఆ జడ కింద దాగిపోయేవి. మా అత్తగారు వీధిలో ఎవరొచ్చినా, "జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే," అని నన్ను తిప్పి చూపించేది. ఒక్క వెనకభాగం చూసి చేసుకున్న మనిషిని, ఆ వెనకభాగం పోయాక ఏం చేసుకోవాలో వాళ్ళకీ తెలియలేదు, నాకూ తెలియలేదు.

ఇక్కడి నీళ్ళు ఎవరి జుట్టూ ఉంచవు. దుబాయ్ వచ్చిన ప్రతివాళ్ళూ అనే మాటే ఇది. ముందు పోయింది మా ఆయన జుట్టే. పెళ్ళినాటి పాపిడి కాస్తా నాలుగేళ్ళలో నడినెత్తి దాటిపోయింది. ఎవరైనా ఏమన్నారా? బట్టతల వాళ్ళకి డబ్బు నిలుస్తుందన్నారు. సూపర్‌వైజర్ అయ్యాక, ఆ తల వల్లే హోదా వచ్చిందన్నారు. ఆ తర్వాత 2020 వచ్చింది. హోటళ్ళు మూతపడి లాండ్రీకి దుప్పట్లు రావడం ఆగిపోయింది. ఆయన ఐదు నెలలు ఇంట్లో కూర్చుంటే, నేను మాస్కు మీద మాస్కు పెట్టుకుని క్లినిక్‌లో నేలలు తుడిచాను. తుడిచినందుకు మరుసటేడు మొదట్లో నాకూ జ్వరం అంటుకుంది. తగ్గిన మూడో నెల నుంచి జుట్టు గుప్పెళ్ళతో ఊడింది. మళ్ళీ వస్తుందని క్లినిక్‌లో డాక్టరమ్మ చెప్పింది. సగమే వచ్చింది. పాపిడి దగ్గర వేలెడు వెడల్పున మాడు కనిపిస్తుంది. ఈ ఇంటి అన్నం కోసం పోయిన జుట్టు అది. ఆ అన్నంలో కనిపిస్తేనే వీళ్ళకి రోత.

ఊరెళ్ళొచ్చినప్పుడు రాజ్యం వదినే సవరం తెచ్చింది. అప్పట్నుంచి గుమ్మం దాటే ప్రతిసారీ, "సవరం పెట్టావా?" అని అడుగుతారు మా ఆయన, గ్యాస్ కట్టేశావా అని అడిగినట్టు. పెట్టుకుని, దాని మీద చున్నీ కప్పుకుని, గాలొస్తే చేత్తో పట్టుకుని నడిచేదాన్ని. కార్నిష్ ఒడ్డున అందరూ సముద్రం చూస్తుంటే నేను గాలి ఎటునుంచి వస్తోందో చూసుకునేదాన్ని. ఫోటో అంటే చాలు, పక్కకి తప్పుకునేదాన్ని. "నువ్వు తియ్యి దుర్గా, నువ్వు తీత్తే బాగొత్తాయి," అని ఫోన్ నా చేతిలో పెట్టేవారు. మెచ్చుకుంటున్నారనే అనుకున్నాను చాలా రోజులు.

పోయిన నవంబరులో వల్లికి ఓణీల ఫంక్షన్ చేద్దామన్నారు. పదమూడో ఏడు నడుస్తోంది, అజ్మాన్‌లోనే హోటల్ పైన హాలు తీసుకుందాం, మనవాళ్ళంతా వస్తారు అని లెక్కలేశారు. వంటవాళ్ళని మాట్లాడారు, ఫ్లెక్సీకి చెప్పారు. ఊళ్ళో అయితే సెంటర్లో కట్టేవాళ్ళం, ఇక్కడ వీధిలో కడితే జరిమానా కాబట్టి స్టేజీ వెనక గోడ నిండా కట్టాలన్నారు. ఫోటోగ్రాఫర్ మాట నేనెత్తితే, "ఎందుకు, నువ్వున్నావుగా," అన్నారు. నా కూతురి ఫంక్షన్‌లో నా చోటు ఏమిటో అలా తేలిపోయింది. నాకూ లోపల అదే హాయిగా అనిపించింది, కెమెరా వెనకాల నన్నెవరూ చూడరు కదా అని.

ఆ వారంలోనే వల్లి దిండు కింద జిప్పు కవరు దొరికింది.

గలేబు మార్చబోతే జారి పడింది. లోపల చిన్న చిన్న వెంట్రుకల ఉండలు, ఒక్కోదానికీ దారం కట్టి, చీటీ అంటించి ఉంది. ఆదివారం ముప్ఫై ఎనిమిది. సోమవారం నలభై ఒకటి. మంగళవారం ముప్ఫై తొమ్మిది, పక్కనే చిన్న నవ్వుముఖం. స్కూలు నుంచి రాగానే ముందు పెట్టి అడిగాను. కవరు లాక్కోబోయింది, తర్వాత ఏడ్చింది. అత్త చెప్పిందట, నీ జుట్టు కూడా మీ అమ్మలా అయిపోద్ది, రోజూ ఎన్ని ఊడుతున్నాయో చూసుకో, యాభై దాటితే చెప్పు, నూనె తెత్తాను అని. "క్లాస్ ఫోటో రోజు నాకు కడుపునొప్పి రాలేదమ్మా. ఫోటోలో పాపిడి వెడల్పుగా కనిపిస్తుందని వెళ్ళలేదు," అంది. తన పాపిడి సూదిమొనంత ఉంది. జడ పిడికిట్లో పట్టదు. నేను తనకేమీ చెప్పలేదు ఎన్నడూ, జుట్టు గురించి ఒక్క మాట అనలేదు. అనకుండానే అంతా నేర్పేశాను. పక్కకి తప్పుకోవడం, గాలికి భయపడటం, ఎవరో లాగి చూస్తారని మెడ బిగబట్టుకుని బతకడం, ఇవన్నీ నన్ను చూసి నేర్చుకుంది. రాజ్యం వదిన మీద వచ్చిన కోపం ఒక ఎత్తు, నా మీద నాకు వచ్చిన కోపం ఒక ఎత్తు. ఆ రోజు వంట చేయలేదు. బయట నుంచి పరోటాలు తెప్పించుకోమని ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. ఒంట్లో బాగాలేదా అని అడిగారు. బాగానే ఉందన్నాను.

రెండు రోజులకి ఫ్లెక్సీ బొమ్మ వచ్చింది. దుబాయ్ అల్ ఖూజ్‌లో మా ఆయన లాండ్రీకి రెండు వీధుల అవతల రాజేశ్వర్ అని జగిత్యాల వైపు అబ్బాయి ప్రింటింగ్ షెడ్డులో పనిచేస్తాడు, తనకే చెప్పారు. ఆ అబ్బాయి పంపింది పంపినట్టే నాకు తోసి, "అక్షరాల తప్పులుంటే చూడు," అని మెసేజ్ పెట్టారు. చదవాల్సినవన్నీ నాకే పంపుతారు, పదో తరగతిలో తెలుగుకి మొదటి మార్కు నాది కాబట్టి. తెరిచాను. మధ్యలో ఓణీలో వల్లి. పై వరసలో గుండ్రటి చట్రంలో సూటు వేసుకుని మా ఆయన, కింద 'తండ్రి: వీరవెంకటసత్యనారాయణ' అని పెద్దక్షరాలు. ఆ పక్కన ఇంకో గుండ్రం. అది ఖాళీ. దాని కింద 'తల్లి' అని మాత్రం ఉంది. మరి నేనెక్కడ అని వెతికితే, వల్లి పక్కన కనిపించాను. మా పెళ్ళి ఆల్బమ్‌లో ఫోటో, జడ ముందుకి వేసుకుని, ఇరవై ఒక్క ఏళ్ళ నేను. దాని కింద 'అక్క'. బొమ్మ కింద రాజేశ్వర్ మెసేజ్ ఉంది. "అన్నా, పెద్దబిడ్డ ఫోటో, చిన్నబిడ్డ ఫోటో పెట్టిన. తల్లి ఫోటో ఇంకా రాలేదు. జల్ది పంపుండ్రి."

ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ ఖాళీ గుండ్రం వైపే చూస్తూ కూర్చున్నాను.

ఆయనకి ఫోన్ చేసి చెబితే పగలబడి నవ్వారు. "చిన్నపిల్లలా ఉన్నావనేగా, సంతోషించు. ఆ ఫోటోనే తీసి తల్లి దాంట్లో పెట్టమంటాలే," అన్నారు. వద్దు, ఇప్పటి ఫోటో పెడదామన్నాను. వెనకాల వాషింగ్ మిషన్ల చప్పుడు వినిపించింది. "ఇప్పటి ఫోటో ఎక్కడుందే నీకు?" అన్నారు.

నిజమే. ఫోన్ తీసి వెతికాను. నాలుగు వేల పైచిలుకు ఫోటోలు, అన్నీ నేను తీసినవే. కార్నిష్‌లో తండ్రీ కూతుళ్ళు, పుట్టినరోజు కేకుల ముందు తండ్రీ కూతుళ్ళు, రాజ్యం వదిన, స్నేహితులు, వాళ్ళ పిల్లలు. నేను ఒకచోట ఇసుక మీద నీడగా ఉన్నాను. ఒకచోట షాపు అద్దంలో, మొహానికి ఫోన్ అడ్డం పెట్టుకుని ఉన్నాను. ఇంకోచోట నా బొటనవేలు ఉంది. ఈ దేశంలో నా మొహం ఉన్నది ఒక్క ఎమిరేట్స్ ఐడీ మీదే, అది సర్కారు అడిగింది కాబట్టి. రేపు నేను పోతే వల్లి తన పిల్లలకి ఏం చూపిస్తుంది? ఈ బొటనవేలు మీ అమ్మమ్మది అంటుందా?

క్లినిక్‌లో నాకు బుధవారం సెలవు. యూనియన్ స్టేషన్ దాకా బస్సులో, అక్కడ్నుంచి మెట్రోలో, మళ్ళీ బస్సెక్కి అల్ ఖూజ్ వెళ్ళాను. సవరం పెట్టుకునే వెళ్ళాను, చున్నీ కప్పుకునే వెళ్ళాను. దారి పొడుగునా, ఇంటికి తిరిగి వెళ్ళిపోదామని కనీసం మూడుసార్లు అనిపించింది. షెడ్డు నిండా రంగుల వాసన. రాజేశ్వర్ కంప్యూటర్ ముందు కూర్చుని టీ తాగుతున్నాడు. తమ్ముడూ, నేను వల్లి తల్లిని అని చెప్పాను. స్క్రీన్ మీద బొమ్మ తెరిచి, ఒకసారి దాన్ని చూసి, ఒకసారి నన్ను చూసి, నాలిక కరుచుకున్నాడు.

"అయ్యో అక్కా, ఏమనుకోకుండ్రి. అన్న గా ఫోటో పంపిండు, పేరేం రాయలే. బిడ్డనే అనుకున్న."

నీ తప్పేం లేదన్నాను. అందరిలోకీ ఆ అబ్బాయి ఒక్కడే సరిగ్గా చూశాడు. ఆ ఫోటోలో పిల్లకి అమ్మ అయ్యే వయసు లేదు, అమ్మ పడ్డ పాట్లూ లేవు. ఇప్పుడే ఇక్కడే నన్ను ఫోటో తియ్యమన్నాను. తెల్ల ఫ్లెక్సీ గుడ్డ గోడకి దిగ్గొట్టి, దాని ముందు స్టూలు వేశాడు. చున్నీ భుజాల మీదకి దించాను. పిన్నులు తీసి సవరం విప్పి బ్యాగులో పెట్టాను. రాజేశ్వర్ తల తిప్పుకుని కెమెరా ఏదో సర్దుకుంటున్నట్టు నటించాడు, పాపం మంచివాడు. కెమెరా ఎత్తగానే నా చెయ్యి దానంతటదే పాపిడి మీదకి వెళ్ళింది. దించాను. మళ్ళీ వెళ్ళింది. మూడోసారి చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. అలా తీశాడు.

స్క్రీన్ మీద నా మొహం అంత పెద్దగా నేనెన్నడూ చూసుకోలేదు. పాపిడి వెడల్పుగానే ఉంది. నుదురు పెద్దదైంది. పళ్ళు అలాగే ఉన్నాయి. కళ్ళు మా అమ్మవి, ఆ సంగతి మర్చిపోయాను. అందంగా ఉన్నానని చెప్పను. భయపడినంత ఏమీ లేదు. రెండేళ్ళు నేను దాక్కున్నది ఈ మనిషి నుంచా అనిపించింది.

"జుట్టు జర నింపుతనక్కా, రెండు నిమిషాల పని," అన్నాడు రాజేశ్వర్ మెల్లగా. వద్దన్నాను. "అందరికీ చేస్తమక్కా, ఏం కాదు. అన్నకు గూడ చేసినం గద. అన్ననే అడిగిండు, ఎవ్వలికి చెప్పకు అన్నడు..." అని ఆగిపోయాడు. చెప్పకూడనిది చెప్పేశానని అప్పుడు తెలిసినట్టుంది.

వంగి చూశాను. సూటు వేసుకున్న మా ఆయన నెత్తి నిండా నల్లటి జుట్టు, పక్క పాపిడి, నుదుటి మీద చిన్న ఉంగరం కూడా. ఆ బొమ్మ వచ్చిన దగ్గర్నుంచి పదిసార్లు చూశాను. పదిసార్లూ నన్నే చూసుకున్నాను.

అంటే ఆయనకి తెలుసు. అద్దం ముందు నిలబడితే ఎలా ఉంటుందో తెలుసు, నలుగురిలో ఎవరైనా తల వైపు చూస్తే ఎక్కడ గుచ్చుకుంటుందో తెలుసు. తెలిసీ నా వెంట్రుకని ట్యూబులైటు కింద పట్టుకుని తిప్పారు. తన బట్టతల నిమురుకుంటూ నవ్వడం, ఎవరైనా దాన్ని చూడకముందే చూపులు నా మీదకి తిప్పడానికన్నమాట. రెండేళ్ళుగా ఆయన సిగ్గు కూడా నేనే మోస్తున్నాను, జాలీలో వెంట్రుకలతో పాటు. నాతో ఒక్కసారి, నాకూ బాధగా ఉందే దుర్గా అని ఉంటే, ఇద్దరం ఒకరి తల ఒకరం చూసుకుని నవ్వుకునేవాళ్ళం. అలా అనలేదు. జాలి పడదామని చూశాను, జాలి రాలేదు. వల్లి కట్టిన దారాలు గుర్తొచ్చి, కోపమే వచ్చింది.

"అన్నది తీసేయాల్నా అక్కా?" అడిగాడు రాజేశ్వర్ భయంగా.

"వద్దు. ఆయనడిగింది ఆయనకివ్వు, నేనడిగింది నాకివ్వు. అక్క ఫోటో తీసెయ్. తల్లి కింద నా పేరు రాయి, వీరదుర్గ అని. అక్షరాలు నేను చూశానని ఆయనకి చెప్తాను, నువ్వు తిన్నగా హాలుకి తెచ్చి కట్టెయ్," అన్నాను.

ఫంక్షన్ రోజు పొద్దున రాజ్యం వదిన బర్ దుబాయ్ నుంచి మల్లెపూలు తెచ్చింది. వల్లికి పూలజడ వెయ్యడానికి తల దువ్వాను. దువ్వెనకి కాసిని వచ్చాయి. వల్లి అలవాటుగా చెయ్యి చాపింది. వాటిని వేలికి చుట్టి చెత్తబుట్టలో వేశాను. "ఎన్నున్నాయమ్మా?" అంది. నేను లెక్కపెట్టలేదు, ఇకమీదట నువ్వూ పెట్టకు అన్నాను. బుట్ట వైపు ఒకసారి చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది. నేను పట్టుచీర కట్టుకుని, ఉన్న జుట్టుని చిన్న ముడి వేసుకుని, రెండు పూలు పెట్టుకుని బయటికొచ్చాను. "సవరమేదే?" అంది రాజ్యం వదిన. బ్యాగులో ఉంది వదినా, మీకు కావాలా అని అడిగాను.

హాల్లో స్టేజీ వెనక గోడ నిండా ఫ్లెక్సీ. వచ్చినవాళ్ళు వల్లి మీద అక్షింతలు వేసి, తలెత్తి పైకి చూసి, తల దించి మా ఆయన్ని చూసి, మళ్ళీ పైకి చూస్తున్నారు. ఆ రోజు పులుసు తిన్న స్నేహితుల్లో ఒకతను, "సత్తిబాబూ, పైన మీ తమ్ముడాండి?" అన్నాడు. అందరూ నవ్వారు, మా ఆయన నవ్వలేదు. మెల్లగా స్తంభం పక్కకి జరిగి, నా దగ్గరికొచ్చి పళ్ళు బిగించి అడిగారు. "నీ ఫోటో అలా ఏయించావేంటే? నలుగురిలో పరువు తియ్యడానికా?" అప్పుడు కూడా నా తల గురించే మాట్లాడారు, చూడండి.

జవాబు చెప్పేలోపే ఎవరో ఫ్యామిలీ ఫోటో, ఫ్యామిలీ ఫోటో అని కేకేశారు. వల్లి కుర్చీలో కూర్చుని పైన నా ఫోటో వైపు, నా వైపు మార్చి మార్చి చూస్తోంది. పక్కన చోటు చేసుకుని, రా అమ్మా అంది. మా ఆయన అలవాటు కొద్దీ జేబులోంచి ఫోన్ తీసి నా చేతికి అందించారు. "నువ్వు తియ్యి దుర్గా."

ఫోన్ ఆయన చేతిలోనే ఉంచి, వేళ్ళు మూసి, ఆయనకొక్కరికే వినపడేలా చెప్పాను. "ఈసారి మీరు తియ్యండి. మీ ఫోటో పైనుందిగా, జుట్టుతో సహా."

ఆయన మొహంలో రంగు మారింది. చుట్టూ ఉన్నవాళ్ళని చూసి, ఫోన్ పట్టుకుని స్టేజీ ముందుకి జరిగారు. నేను స్టేజీ ఎక్కి నా కూతురి పక్కన కూర్చున్నాను. ఏసీ గాలి నేరుగా నా నెత్తి మీదకే వస్తోంది. రానిచ్చాను. వల్లి నా చేతిని గట్టిగా పట్టుకుంది. ఎదురుగా ఆయన ఫోన్ ఎత్తారు, తెర వైపు సరిగ్గా చూడకుండానే. నొక్కారు. చూసుకుని, మసకగా వచ్చిందే, చాల్లే, లేవండి అన్నారు.

నేను లేవలేదు.

"ఇంకోటి తియ్యండి," అన్నాను.